41 శాతం ఓట్లు, 90 సీట్లు: క్యూబెక్ తీర్పును ఎలా చదవాలి?

2022 అక్టోబర్ 3న కెనడాలోని క్యూబెక్ ప్రావిన్స్‌లో శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఫ్రాన్స్వా లెగో నాయకత్వంలోని కోయలిషన్ అవెనీర్ క్యూబెక్, పొట్టిగా సీఏక్యూ, 125 సీట్లలో 90 గెలిచి వరుసగా రెండోసారి అధికారంలోకి వచ్చింది. సభలో అది 72 శాతం బలం. ఇలాంటి ఫలితం వస్తే ప్రభంజనమనీ, జనం ఏకపక్షంగా తీర్పిచ్చారనీ అనుకోవడం మనకు అలవాటు. కానీ ఆ పార్టీకి పడినవి 41 శాతం ఓట్లే. ఓటేసిన ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు ఇతర పార్టీల వైపు ఉన్నారు. ఎక్కడా రిగ్గింగ్ జరగలేదు, లెక్కింపు మీద వివాదం రాలేదు, అంతా నిబంధనల ప్రకారమే జరిగింది. ఎవరూ తప్పు చేయకుండానే ఓటర్ల మాటకూ సభ రూపానికీ మధ్య ఇంత దూరం వచ్చిందంటే, లోపం నిబంధనలోనే ఉందన్నమాట. ఆ నిబంధనే మన దగ్గరా అమల్లో ఉంది కాబట్టి క్యూబెక్ లెక్క మనకూ పనికొస్తుంది.

కెనడాలో ప్రావిన్స్ అంటే మన రాష్ట్రం లాంటిది. ముఖ్యమంత్రి స్థానంలో ప్రీమియర్ ఉంటారు. చదువు, వైద్యం వంటి నిత్యజీవిత విషయాలన్నీ ప్రావిన్స్ చేతిలోనివే. ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్నవారు ఎక్కువగా ఉన్న క్యూబెక్‌లో వీటికి తోడు భాష, దేశం నుంచి విడిపోవాలా వద్దా అన్న ప్రశ్న కూడా రాజకీయాల్ని నడిపిస్తాయి. 2022లో అక్కడ ఐదు పార్టీలు గట్టిగా పోటీ పడ్డాయి. వామపక్షమైన క్యూబెక్ సాలిడేర్‌కు 15.4 శాతం ఓట్లు, 11 సీట్లు వచ్చాయి. స్వతంత్ర క్యూబెక్ కోరే పార్టీ క్యూబెక్వాకు 14.6 శాతం ఓట్లు వచ్చినా సీట్లు మూడే. ఓట్లలో నాలుగో స్థానానికి జారిన లిబరల్ పార్టీ 14.4 శాతంతోనే 21 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. ఎరిక్ దుహేమ్ నడిపిన కన్జర్వేటివ్ పార్టీ అంతకుముందు ఎన్నికలో ఒకటిన్నర శాతం దగ్గర ఉండేది. ఈసారి దాదాపు 13 శాతానికి ఎగబాకినా ఒక్క సీటూ దక్కలేదు. సీటుకు ఎన్ని ఓట్లు ఖర్చయ్యాయో లెక్కవేస్తే తేడా మరింత తేటగా కనిపిస్తుంది. సీఏక్యూకు ఒక్కో సీటు సుమారు 18,700 ఓట్లకే వచ్చింది. లిబరల్స్‌కు 28,000, సాలిడేర్‌కు 57,000 పైచిలుకు, పార్టీ క్యూబెక్వాకు రెండు లక్షల ఓట్లు పట్టాయి. కన్జర్వేటివ్‌లకు పడిన 5 లక్షల 30 వేల ఓట్లలో ఏ ఒక్కటీ సభ గడప తొక్కలేదు.

దీనికి కారణం ప్రతి నియోజకవర్గంలోనూ ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న ఒక్కరే గెలవడం, మిగిలిన ఓట్లన్నీ అక్కడితో ఆగిపోవడం. ఈ పద్ధతిలో ఒక పార్టీకి ఎన్ని ఓట్లు వచ్చాయన్నదాని కంటే రెండు విషయాలు ఎక్కువ పనిచేస్తాయి. ఒకటి, ఆ ఓట్లు ఎక్కడ ఉన్నాయి. లిబరల్స్‌ను ఫ్రెంచ్ ఓటర్లు చాలావరకు వదిలేసినా, ఇంగ్లిష్ మాట్లాడేవారూ వలస వచ్చినవారూ దట్టంగా ఉన్న మాంట్రియల్ ప్రాంతం వారిని కాపాడింది. అదే మాంట్రియల్ దీవిలో ప్రభంజనం సృష్టించిందనుకున్న సీఏక్యూకు రెండు సీట్లే వచ్చాయి. మహానగరం ఒక దారి, ప్రావిన్స్ ఒక దారి అన్నట్టు తేలింది. రెండో విషయం, ఎదుటివాళ్లు ఎన్ని ముక్కలుగా ఉన్నారు. దీన్ని తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లనక్కర్లేదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ఆర్ కాంగ్రెస్‌కు 39.4 శాతం ఓట్లు వచ్చాయి, 175లో 11 సీట్లు వచ్చాయి. అంతకు ఐదేళ్ల ముందు, 2019లో, తెలుగుదేశానికి 39.2 శాతం ఓట్లు, 23 సీట్లు. క్యూబెక్‌లో 41 శాతం ఒక పార్టీని సింహాసనం మీద కూర్చోబెడితే, ఇక్కడ 39 శాతం రెండుసార్లు రెండు వేర్వేరు పార్టీలను ప్రతిపక్ష హోదా కోసం వెతుక్కునే దశకో, దాని అంచుకో నెట్టింది. ఓట్ల శాతంలో పెద్ద తేడా లేదు. మన దగ్గర ఎదురుగా ఉన్నవాళ్ల బలం ఒకచోట పోగైంది, అక్కడ నాలుగు పార్టీలుగా చీలింది. ఫలితాన్ని తేల్చింది అదే.

2022 ఒక విడి సంఘటన అయితే పట్టించుకోనక్కర్లేదు. కానీ క్యూబెక్ చరిత్ర నిండా ఇదే కథ. 1973లో పార్టీ క్యూబెక్వా 30 శాతం ఓట్లు తెచ్చుకుని 110లో ఆరు సీట్లతో సరిపెట్టుకుంది. దాని నాయకుడు రెనే లెవెక్ తన సీటులోనే ఓడిపోయారు. మూడేళ్లకే, 1976లో, అదే పార్టీ 41 శాతంతో 71 సీట్లు గెలిచి అధికారంలోకి వచ్చింది. 1998లో మరీ విచిత్రం. జాన్ షారే నాయకత్వంలోని లిబరల్స్‌కు 43.6 శాతం, లూసియన్ బూషార్ నాయకత్వంలోని పార్టీ క్యూబెక్వాకు 42.9 శాతం ఓట్లు పడ్డాయి. తక్కువ ఓట్లు తెచ్చుకున్న బూషార్‌కు 76 సీట్లు, ఎక్కువ తెచ్చుకున్న షారేకు 48 సీట్లు. మిగతా ప్రావిన్స్‌లలోనూ ఇంతే. 1987లో న్యూ బ్రన్స్‌విక్‌లో లిబరల్ పార్టీ సుమారు 60 శాతం ఓట్లతో మొత్తం 58 సీట్లనూ ఊడ్చేసింది. ప్రతిపక్షం అనేదే లేని సభ ఏర్పడింది.

సీట్లు ఎక్కువొస్తే ఏమిటి, ఎలాగూ ఎవరో ఒకరు పాలించాలి కదా అనిపించవచ్చు. ఆ బలం చేతిలో ఉన్నప్పుడు ఏం చేయవచ్చో చూస్తే విషయం తేలిక కాదని అర్థమవుతుంది. కెనడా హక్కుల పత్రంలో 33వ సెక్షన్ ఉంది. మత స్వేచ్ఛ, భావప్రకటన స్వేచ్ఛ వంటి కొన్ని హక్కులకు విరుద్ధంగా ఉన్నా సరే తమ చట్టం చెల్లుతుందని ప్రావిన్స్ శాసనసభ సాధారణ మెజారిటీతో ప్రకటించుకోవచ్చు. ఆ ప్రకటన ఐదేళ్లు నిలుస్తుంది, తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు. 2018లో 37.4 శాతం ఓట్లతో 74 సీట్లు గెలిచిన లెగో ప్రభుత్వం 2019లో 21వ బిల్లు తెచ్చింది. ప్రభుత్వ బడి ఉపాధ్యాయులు, పోలీసులు, ప్రాసిక్యూటర్లు వంటి వారు విధుల్లో ఉండగా తలపాగా, హిజాబ్, శిలువ వంటి మతచిహ్నాలు ధరించకూడదన్న చట్టం అది. 33వ సెక్షన్‌ను ముందే వాడుకుని, చర్చకు గడువు పెట్టి, జూన్‌లో ఒక ఆదివారం రాత్రి దాన్ని ఆమోదింపజేశారు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. పార్టీ క్యూబెక్వా కూడా ఆ బిల్లుకు ఓటేసింది. రెండు పార్టీల ఓట్లు కలిపితే సగం దాటుతాయి కాబట్టి, సీట్లు ఓట్లకు తగ్గట్టుగా ఉన్నా ఆ చట్టం బహుశా గెలిచేదే. కానీ అప్పుడు రెండో పార్టీని కూర్చోబెట్టి ఒప్పించాల్సి వచ్చేది. చర్చను కుదించే నిర్ణయం ఒక్క పార్టీ గదిలో తేలిపోయేది కాదు. పౌరుల మౌలిక హక్కుల్ని పక్కన పెట్టే అధికారానికి కనీసం సగం మంది ఓటర్ల అండ ఉండాలనడం పెద్ద కోరిక కాదని నా అభిప్రాయం.

దీనికి ఎదురయ్యే వాదనల్లో బలమైనది స్థిరత్వం. ఓట్లకు తగ్గట్టు సీట్లు పంచితే ఏ పార్టీకీ మెజారిటీ రాదు, ప్రభుత్వాలు రోజుకొకటి మారతాయి అంటారు. 2022 ఓట్లను అలా పంచి ఉంటే సీఏక్యూకు సుమారు 51 సీట్లు, మిగతా నాలుగింటికీ పదహారు నుంచి పంతొమ్మిది దాకా వచ్చేవి. అప్పటికీ అదే పెద్ద పార్టీ, పాలించేదీ అదే. కాకపోతే ఒక తోడు కావాలి. తోడుతో పాలించడం కెనడాకు కొత్త కాదు. 2017లో బ్రిటిష్ కొలంబియాలో 41 సీట్లున్న జాన్ హోర్గన్ ప్రభుత్వం ముగ్గురు గ్రీన్ పార్టీ సభ్యుల మద్దతుతో మూడేళ్లు నడిచింది. దేశస్థాయిలో ప్రధానిగా ఉన్న లెస్టర్ పియర్సన్‌కు ఏనాడూ పూర్తి మెజారిటీ లేదు. అయినా కెనడావాసులు ఈనాటికీ గర్వంగా చెప్పుకునే సార్వజనిక వైద్యం, పింఛన్ పథకం, మేపుల్ ఆకు జెండా ఆయన కాలంలోవే.

మరో వాదన, మా ఊరి ఎమ్మెల్యే ఎవరో మాకు తెలియాలి కదా అన్నది. న్యాయమైన మాటే. పార్టీ పంపిన జాబితాకే ఓటేసే పద్ధతిలో ఆ బంధం తెగిపోతుంది. అందుకే క్యూబెక్ ముందుకొచ్చిన ప్రతిపాదన మిశ్రమ పద్ధతి. లెగో ప్రభుత్వమే 2019లో ప్రవేశపెట్టిన 39వ బిల్లు 80 మందిని నియోజకవర్గాల నుంచి, 45 మందిని ప్రాంతాలవారీ జాబితాల నుంచి ఎన్నుకోవాలంది. పది శాతం ఓట్లు రాని పార్టీకి జాబితా సీట్లు ఇవ్వకూడదన్న కట్టడి కూడా పెట్టింది. చిన్నాచితకా పార్టీలు, అతివాదులు సభలో చొరబడతారన్న భయానికి అదే జవాబు. ఆ కట్టడిని కన్జర్వేటివ్‌లు కూడా 2022లో దాటారు. వారి అభిప్రాయాలతో ఎవరికైనా పేచీ ఉండవచ్చు. కానీ కోవిడ్ ఆంక్షల మీద కోపంతో ఓటేసిన ఐదు లక్షలమంది మాట సభలో వినిపించి, అక్కడే జవాబు పొందడం మంచిది. ఇక మన పాఠకులు అడగదగిన ప్రశ్న, ఆ పార్టీలు ముందే పొత్తు పెట్టుకోవచ్చు కదా అని. విడిపోవాలనేవారూ కలిసుండాలనేవారూ, వామపక్షమూ కుడిపక్షమూ ఒకే గొడుగు కిందికి రావడం సాధ్యం కాదు. వచ్చినా, పొత్తు అంటే సీట్ల పంపకం పోలింగుకు ముందే పార్టీ ఆఫీసుల్లో జరిగిపోతుంది. ఓటరు తనకు నచ్చిన గుర్తు తన నియోజకవర్గంలో కనపడక మరో గుర్తు మీద నొక్కాల్సి వస్తుంది. ముందు ఓటరు మాట్లాడి, తర్వాత పార్టీలు ఆ బలాన్ని బట్టి బేరం చేసుకోవడమే సరైన వరుస.

జనమే వద్దన్నారు కదా అన్న వాదనకు మాత్రం జాగ్రత్తగా జవాబివ్వాలి. అంటారియో 2007లో, బ్రిటిష్ కొలంబియా 2009లోనూ 2018లోనూ మార్పును తిరస్కరించాయి. చివరిసారి 61 శాతం పాత పద్ధతే చాలన్నారు. దాన్ని గౌరవించాలి. అయితే వాటికి ముందు జరిగినది కూడా చెప్పాలి. బ్రిటిష్ కొలంబియాలో 1996లో ఎక్కువ ఓట్లు తెచ్చుకునీ ఓడిపోయిన గోర్డన్ క్యాంప్‌బెల్, 2001లో 79కి 77 సీట్లు గెలిచాక కూడా సంస్కరణ మీద ఇచ్చిన మాట తప్పలేదు. లాటరీ తరహాలో ఎంపికైన 160 మంది మామూలు పౌరులతో ఒక సభ ఏర్పాటు చేసి, ఎన్నికల పద్ధతిని తేల్చమన్నారు. వారు నెలల తరబడి చదివి, విని, చర్చించి కొత్త పద్ధతి సూచించారు. 2005 ప్రజాభిప్రాయ సేకరణలో 57.7 శాతం మంది దానికి అవునన్నారు. 79 నియోజకవర్గాల్లో 77 చోట్ల మెజారిటీ వచ్చింది. కానీ 60 శాతం రావాలన్న షరతు పెట్టినందువల్ల అది ఓడిపోయింది. అదే రోజు జరిగిన ఎన్నికలో క్యాంప్‌బెల్ పార్టీ 46 శాతం ఓట్లతో పూర్తి మెజారిటీ ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసింది. రాజ్యమేలడానికి 46 శాతం చాలినప్పుడు, నిబంధన మార్చడానికి 57 శాతం చాలకపోవడాన్ని సమర్థించే తర్కం నాకు కనిపించలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ పద్ధతిని మార్చగలిగేది దానివల్ల గెలిచినవారే. రెనే లెవెక్ ఓట్లకు తగ్గట్టు సీట్లు పంచే దామాషా పద్ధతిని మనస్ఫూర్తిగా కోరుకున్నా, అధికారంలోకి వచ్చాక సొంత పార్టీవాళ్లే సాగనివ్వలేదు. 2015 దేశస్థాయి ఎన్నిక పాత పద్ధతిలో చివరిదని మాటిచ్చిన జస్టిన్ ట్రూడో 39.5 శాతం ఓట్లతో మెజారిటీ గెలిచి ప్రధాని అయి, 2017లో ఆ మాట వదిలేశారు. లెగో కూడా ప్రతిపక్షంలో ఉండగా, 2018లో, మరికొన్ని పార్టీలతో కలిసి సంస్కరణ ఒప్పందం మీద సంతకం చేశారు. 39వ బిల్లు మీద 2022 ఎన్నిక రోజునే ప్రజాభిప్రాయం సేకరించాల్సింది. అది జరగలేదు, 2021 చివరికి బిల్లునే పక్కన పెట్టారు. ప్రచారంలో అడిగితే, కొద్దిమంది మేధావులకు తప్ప ఈ విషయం ఎవరికీ పట్టదన్నారు. 90 సీట్ల బలం ఎంత పలుచనిదో ఆ తర్వాతే తెలిసింది. 2023లో జాన్ తలోన్, 2025లో టెర్బాన్, ఆర్తబాస్కా ఉప ఎన్నికల్లో మూడు సీట్ల పార్టీగా మిగిలిన పార్టీ క్యూబెక్వాయే సీఏక్యూ చేతిలోని సీట్లను లాక్కుంది. గాలి అటు మళ్లితే మూడో వంతు ఓట్లతో రేపు ఆ పార్టీకే పెద్ద మెజారిటీ రావచ్చు. ఈసారి అది దేశం నుంచి విడిపోవాలా అన్న ప్రశ్నను మళ్లీ జనం ముందుకు తెచ్చే మెజారిటీ అవుతుంది.

అందుకే ఎన్నికల పద్ధతి నిర్ణయాన్ని పార్టీల చేతుల్లోంచి తీసి, బ్రిటిష్ కొలంబియా చేసినట్టు మామూలు పౌరుల సభకు అప్పగించాలి. వారు చెప్పినదాన్ని సగానికి మించి ఒక్క ఓటు చాలునన్న షరతుతో జనం ముందు పెట్టాలి. అది జరిగేదాకా, క్యూబెక్‌దైనా అమరావతిదైనా హైదరాబాద్‌దైనా, ఫలితాలు వచ్చిన రాత్రి టీవీ తెర మీద సీట్ల వరుస ఒక్కటే చూసి జనం తీర్పు ఇదీ అని నిర్ణయానికి రాకండి. పక్కనే ఉండే ఓట్ల శాతం వరుసను కూడా చదవండి, గెలిచిన మీ నాయకుణ్ని ఆ రెండో అంకె గుర్తుపెట్టుకుని పాలించమని అడగండి.