నిన్న ఏం తిన్నారు? గోలీ వేసుకున్నాక ఎలా ఉంది?

హైదరాబాద్ శివారు బాలాపూర్ గణేశుడి లడ్డూ బరువు 21 కిలోలు. 1994లో తొలిసారి వేలం వేసినప్పుడు 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షలు దాటింది. బరువూ ధరా పాడుకున్నవారి పేరూ ఊరందరికీ కంఠతా. మరి అదే నిమజ్జనం రోజున ఓ ఇంటాయన పొద్దుట్నుంచి రాత్రి దాకా నోట్లో వేసుకున్నదెంత? మండపం దగ్గర పులిహోర, దారిలో ఎవరో చేతిలో పెట్టిన బూందీ, మూడు చాయ్‌లు, పక్కింటివాళ్ళు పంపిన పాయసం. మర్నాడు అడిగి చూడండి. "ఏం తిన్న? సక్కగ అన్నమే తినలే" అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు. కంచం ముందు కూర్చుని తిన్నదే మన లెక్కలో తిండి మరి.

ఆరోగ్య పరిశోధకులను ఏళ్ళ తరబడి సతాయిస్తున్న చిక్కు ఇదే. షుగర్‌కు రక్తపు చుక్క చాలు, బీపీకి మిషనుంది. నిన్న తిన్నదేమిటో, మందు వేసుకున్నాక లోపల ఎలా ఉందో చెప్పే మిషను మాత్రం లేదు. మనిషినే అడగాలి.

అడగడాన్ని ఒక శాస్త్రంగా పట్టుకున్న సంస్థ బాలాపూర్‌కు దూరమేం కాదు. ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా వెళ్తే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాద్ చేరింది. 1972 నుంచి ఈ సంస్థ ఆధ్వర్యంలో పలు రాష్ట్రాల్లో జరిగిన పోషకాహార సర్వేల పద్ధతి చూడ ముచ్చటగా ఉంటుంది. సర్వే చేసేవాళ్ళు ఇంటికి కొలత గిన్నెలు పట్టుకెళ్తారు. ముందు ఇల్లాలిని అడుగుతారు: నిన్న పప్పులో కందిపప్పు ఎంత వేశారు, ఉడికాక మొత్తం ఎన్ని గిన్నెలైంది? తర్వాత ఒక్కొక్కరూ ఎంత వడ్డించుకున్నారో ఆ గిన్నెలతోనే చూపించమంటారు. వంద గ్రాముల కందిపప్పు ఉడికి ఎనిమిది గిన్నెలై, ఇంటాయన రెండు పోసుకుంటే ఆయన కడుపులోకి వెళ్ళింది 25 గ్రాములు. సోల, తవ్వ, మానికలతో కొలిచిన మన పెద్దవాళ్ళకు ఈ లెక్క కొత్తేం కాదు.

అసలు తంటా నూనె దగ్గర. "పోపుకు ఎంత వేశారు?" అంటే "సరిపడా" అన్నదే ఏ ఇంట్లోనైనా సమాధానం. కిలో ప్యాకెట్ ఎన్నాళ్ళకు అయిపోతుందని తిప్పి అడిగితే మాత్రం టక్కున చెప్తారు. ప్రశ్న మారితే జవాబుకు బరువొస్తుంది.

ఒక్క రోజు తిండి అలవాటు కిందకు రాదు. వేసవిలో అడిగితే అందరూ మామిడిపండ్ల మీద బతుకుతున్నట్టే ఉంటుంది, శ్రావణంలో అడిగితే సగం మంది శాకాహారులే. అందుకే ఏడాది పొడుగునా ఏది ఎన్నిసార్లు తింటారో అడిగే పట్టికలు వచ్చాయి. హైదరాబాద్‌తో పాటు లక్నో, నాగపూర్, బెంగళూరుల్లో ఫ్యాక్టరీ పనికి వలస వచ్చినవారినీ, ఊళ్ళోనే ఉండిపోయిన వాళ్ళ అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్ళనూ పోల్చి చూసిన అధ్యయనంలో 184 రకాల తిండి గురించి అడిగారు. అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చినవాళ్ళకు దండం పెట్టాలి.

ఇంత చేసినా మనిషి నోరు మనిషిదే. 1992లో అమెరికాలో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని వాపోయే పదిమందిని పరీక్షించారు. శరీరం ఖర్చు చేస్తున్న శక్తిని కొలిచి చూస్తే, వాళ్ళు నిజంగా తిన్నదానికీ తిన్నామని చెప్పినదానికీ పొంతనే లేదు. తిండిని 47 శాతం తగ్గించి, చేసిన శారీరక శ్రమను 51 శాతం పెంచి చెప్పారు. మోసం చేయాలని కాదు, వాళ్ళు నమ్మిందే అది. మన ఇళ్ళల్లోనైతే దీనికి ఇంకో మెలిక ఉంది. అత్తగారు పక్కన కూర్చుని వింటుంటే కోడలు రెండోసారి అన్నం పెట్టుకున్న సంగతి సర్వే కాగితం దాకా రాదు.

జ్ఞాపకంతో పని లేకుండా తిండి ఫలితం తెలుసుకునే అవకాశం ఒకసారి హైదరాబాద్ పక్కనున్న రంగారెడ్డి జిల్లా పల్లెలే ఇచ్చాయి. 1987–90 మధ్య 15 ఊళ్ళలో గర్భిణులకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ అంగన్‌వాడీ పథకం కింద మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. మరో 14 ఊళ్ళకు అప్పటికి పథకం రాలేదు. ఎవరికి పెట్టారో, ఎవరికి లేదో ఊరి పేరే చెప్తుంది. 2003–05లో పరిశోధకులు మళ్ళీ వెళ్ళి, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసుకొచ్చిన 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఇన్సులిన్ పనిచేయకుండా అడ్డుపడే గుణం వాళ్ళలో 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసు కూడా తక్కువే. సంజయ్ కిన్రా బృందం 2008లో ఈ ఫలితాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. 14 మిల్లీమీటర్లంటే బొటనవేలి గోరంత. అమ్మ కడుపులో ఉండగా మొదలైన ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత కూడా కొలతకు దొరికిందంటే చిన్న విషయం కాదు.

తిండి ప్రశ్న జబ్బు గుట్టు విప్పిన సందర్భమూ మన దగ్గర ఉంది. ఎండ తగిలే మెడ మీద, చేతుల మీద చర్మం నల్లబడి పొరలు లేచే జబ్బు పెల్లగ్రా. మొక్కజొన్న మీద బతికే దేశాల జబ్బుగా దీనికి పేరు. హైదరాబాద్‌లో ఈ జబ్బుతో వచ్చేవాళ్ళ తిండేమో జొన్న. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే ఆమైనో ఆమ్లాన్ని అనుమానించారు. ఆ వాదన మీద తర్వాత చర్చ చాలానే జరిగింది. దారి చూపింది మాత్రం రోగి ఏం తింటున్నాడన్న ప్రశ్నే.

ఇక రెండో ప్రశ్న: మందు వేసుకున్నాక ఎలా ఉంది? ఓపీలో దీనికి దొరికేది రెండు నిమిషాలు. "ఎట్లుంది?" అంటారు డాక్టరు. "పర్లేదు సార్" అంటాడు రోగి. బయట బెంచీ మీద కూర్చోగానే భార్యతో చెప్తాడు: రాత్రంతా కాళ్ళు గుంజుతున్నయ్, నోరంతా చేదు, అన్నం చూస్తేనే కడుపులో తిప్పుతాంది.

ఆ బెంచీ మీది మాటలు డాక్టరు దాకా వెళ్తే ఏమవుతుంది? న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రిలో ఈతన్ బాష్ బృందం సరిగ్గా ఇదే పరీక్షించింది. కీమోథెరపీ తీసుకుంటున్న 766 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపువాళ్ళు వికారం, నొప్పి, నీరసం వంటి 12 బాధలను ఎప్పటికప్పుడు కంప్యూటర్లో తామే నమోదు చేశారు. బాధ ముదిరితే వెంటనే నర్సుకు కబురు వెళ్ళేది. రెండో గుంపుకు మామూలు వైద్యమే. 2017లో ఫలితం వచ్చింది: మామూలు గుంపులో మధ్యస్థ (మీడియన్) జీవితకాలం 26 నెలలు, చెప్పుకున్న గుంపులో 31.2 నెలలు. కొత్త మందేమీ ఇవ్వలేదు.

అలాగని చెప్పిన ప్రతి బాధకూ గోలీయే కారణమనీ కాదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు పడక మానేసిన 60 మందితో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు చేసిన ప్రయోగం 2020లో వెలువడింది. ఏడాదిలో నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు మందు లేని ఉత్తుత్తి బిళ్ళ, నాలుగు నెలలు ఏ బిళ్ళా లేదు. రోజూ బాధను నూటికి ఇంత అని ఫోన్లో రాయాలి. బిళ్ళ లేనప్పుడు సగటు 8, ఉత్తుత్తి బిళ్ళతో 15.4, అసలు మందుతో 16.3. బాధ నిజమే, దాని మూలం మాత్రం చాలావరకు బిళ్ళ వేసుకున్నామన్న భయంలో ఉంది. తమ లెక్క తామే చూసుకున్నాక సగం మంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు.

మన భాషతోనూ ఓ పేచీ ఉంది. "వేడి చేసింది" అంటే నోటిపూతా, మూత్రంలో మంటా, కళ్ళ మంటా? సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, తిమ్మిరి వేరు. బాధలు అడిగే ఇంగ్లీషు ఫారాన్ని మక్కికి మక్కి తెలుగు చేస్తే ఇవన్నీ "నొప్పి" కింద కలిసిపోతాయి.

కాబట్టి ఈసారి ఆస్పత్రికి వెళ్ళే ముందు మూడు రోజుల తిండీ, గోలీ వేసుకున్న వేళా, బాధ మొదలైన వేళా ఓ కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. చాయ్‌లు కూడా రాయండి, ఐరన్ మాత్రను ఒంటికి పట్టనివ్వకపోవడంలో చాయ్‌ది పెద్ద చెయ్యి. ఇక మందు పడలేదనిపిస్తే కేంద్ర ప్రభుత్వ ఔషధ భద్రతా విభాగానికి రోగులే నేరుగా చెప్పవచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024.