నల్లా ఆగాక గొట్టంలో ఏం జరుగుతుంది?

ఖమ్మం జిల్లా కుసుమంచి వైపు ఊళ్లలో నల్లా ఎక్కడుందో చూడాలంటే చాలాచోట్ల నేలకేసి చూడాలి. ఇంటి ముందు అడుగు, అడుగున్నర లోతు గుంత తవ్వి, పైపును అందులోకి దించి కోసి వదిలేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి పైపు ఎంత కిందికి ఉంటే బిందె అంత తొందరగా నిండుతుంది. ఆ గుంతకు జానెడు దూరంలోనే సైడు కాలువ ఉంటుంది. నల్లా ఆగిపోయాక గుంతలో మిగిలిన నీళ్లూ, కాలువలోంచి ఊరిన నీళ్లూ కలిసిపోతాయి. మూత లేని పైపు నోరు వాటిలో మునిగే ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆ పైపు నోరు చూసినప్పుడే.

ఈ జిల్లాలో ఊళ్లు పట్నాలుగా మారుతున్నాయి. ఖమ్మం 2012లో నగరపాలక సంస్థ అయింది. ఖమ్మం గ్రామీణ మండలంలోని పంచాయతీలను కలిపి 2025లో ఏదులాపురం మున్సిపాలిటీ చేశారు. ఊరు పట్నమవుతుందంటే జనం ముందుగా అడిగేది ఇంటి పన్ను ఎంత పెరుగుతుందని, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డును డ్రైనేజీ కోసం తవ్వితే మళ్లీ ఎప్పుడు పూడుస్తారని. అడగాల్సిన ప్రశ్నలే అవి. కానీ మంచినీళ్ల గొట్టం, మురుగు గొట్టం ఒకే సందులో పక్కపక్కన పడితే ఏమవుతుందన్న ప్రశ్న వాటికంటే ముందు రావాలి.

పాలేరు జలాశయం నీరు జీళ్లచెరువు దగ్గర శుద్ధి అయ్యి, మిషన్ భగీరథ గొట్టాల్లో ఊళ్లకు వెళుతుంది. ప్లాంటు నుంచి బయటికి వచ్చినప్పుడు అది మంచినీరే. గొట్టంలో ఒత్తిడి ఉన్నంతసేపూ మంచినీరుగానే ఉంటుంది కూడా. ఎక్కడైనా జాయింటు వదులైతే నీరు బయటికి కారిపోతుంది తప్ప బయటిది లోపలికి రాలేదు. లోపలి ఒత్తిడే దానికి కాపలా.

వాల్వు కట్టేయగానే ఆ కాపలా పోతుంది. పల్లంలో ఉన్న ఇళ్ల నల్లాల్లోంచి మిగిలిన నీరు జారిపోతుంటే, మెరకన ఉన్న గొట్టం ఖాళీ అవుతుంది. గాలి చొరబడే దారి లేకపోతే లోపల ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తగ్గిపోతుంది. కొబ్బరి బోండంలో గొట్టం పెట్టి పీల్చినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. పొద్దున ఏ పగులులోంచి నీరు చిమ్మిందో, మధ్యాహ్నం అదే పగులులోంచి చుట్టూ ఉన్న తడి లోపలికి వస్తుంది. గుంతలో మునిగిన పైపు నోటికైతే పగులు కూడా అక్కర్లేదు. నీళ్లు సన్నగా వస్తున్నాయని ఒక ఇంట్లో నల్లాకు మోటారు బిగిస్తే ఈ పీల్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ వీధిలోని మిగతా ఇళ్ల గుంతల్లో ఉన్నదంతా ఆ ఒక్క మోటారు వైపు కదులుతుంది. మోటారు పెట్టినవాళ్లు పక్కవాళ్ల వాటా నీళ్లతో పాటు పక్కవాళ్ల మురుగునూ తమ ఇంట్లోకి లాక్కుంటున్నారు.

2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్లలో మురుగు కలిసి మనుషులు చనిపోయారు. రెండూ గొట్టాలున్న నగరాలే. ఒడిశాలోని పూరీ పట్టణం 2021లో ఇరవైనాలుగు గంటలూ నల్లాలో నీరుండే పద్ధతికి మారింది. అక్కడ నల్లా నీళ్లు నేరుగా తాగొచ్చంటున్నారంటే, శుద్ధి ఒక్కటే కారణం కాదు, గొట్టం ఎప్పుడూ ఖాళీ కాకపోవడం కూడా.

ఇక మురుగు సంగతి. మంచినీటిని మోటారుతో తోస్తే మెరకకైనా ఎక్కుతుంది. మురుగు మాత్రం వాలు వెంట జారుతూ పోవాలి. నిదానంగా పోతే అందులోని మడ్డి అడుగున పేరుకుపోతుంది. కనీసం సెకనుకు 60 సెంటీమీటర్ల వేగం ఉండాలంటారు. అందుకోసం 200 మిల్లీమీటర్ల గొట్టాన్ని సుమారు 250 మీటర్లకు ఒక మీటరు వాలుతో వేయాలి. అంటే కిలోమీటరు పోయేసరికి గొట్టం 4 మీటర్లు కిందికి దిగిపోవాలి. గ్రానైటుకు పేరుబడ్డ జిల్లా మనది. చాలాచోట్ల కొద్ది లోతులోనే రాయి తగులుతుంది. కాంట్రాక్టరు రాయి దగ్గర వాలు తగ్గించి సర్దేస్తే, ఆ చోటే ఏటా వానాకాలంలో మ్యాన్‌హోల్ పొంగుతుంది. తక్కువ మట్టంలో కట్టిన ఇళ్లవాళ్లు భయపడేది దీనికే. ఆ భయంలో న్యాయముంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు, లేనివాటికి 70 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రమాణాల్లో రాశారు. ఈ తేడా దర్జా కోసం కాదు, గొట్టంలో మడ్డిని తోయడానికి. భగీరథలో పల్లెకు లెక్క కట్టింది 100 లీటర్లు. దానిలో 80 శాతం దాకా వాడకం నీరై బయటికి వస్తుంది. సైడు కాలువ నిండడానికి అది చాలు, పొడవాటి మురుగు గొట్టాన్ని కడగడానికి చాలదు. అందుకే ఈపాటి ఊరికి పట్నపు డ్రైనేజీని ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టడం నాకు సరైనదిగా తోచదు. స్నానం నీళ్లకు, గిన్నెలు కడిగిన నీళ్లకు ఇంకుడు గుంత, మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి ఇక్కడ నయం. అయితే బోరుకు కనీసం 10 మీటర్ల దూరం పాటించాలి. రాతి నేలలో అదీ చాలదు, ఎందుకంటే మట్టిలా రాతి చీలిక నీటిని వడకట్టదు.

డ్రైనేజీ వేయాల్సి వస్తే గ్రామసభలో నక్షా పరిపించి చూడాలి. రెండు గొట్టాల మధ్య 3 మీటర్ల ఎడం ఉందా, అవి ఒకదాన్నొకటి దాటే చోట మంచినీటి గొట్టం కనీసం అర మీటరు పైన ఉందా అని అడగాలి.

ఈలోగా చేయదగింది ఒకటుంది. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెలో నల్లా నీళ్లు పోసి, ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీరు లేత పసుపు రంగుకు తిరుగుతుంది. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. మురుగు కలిస్తే అందులోని క్రిములను చంపే పనిలో క్లోరిన్ ఖర్చయిపోతుంది, రంగు రాదు. ట్యాంకు కింద పరీక్షిస్తే పసుపు రంగు వస్తుంది, రిజిస్టరులో రాసుకుంటారు. పరీక్ష చేయాల్సింది అక్కడ కాదు, లైను చివర, ఆఖరి ఇంటి గుంతలో ఉన్న నల్లా దగ్గర.