నోటితో చెప్పలేనిది బొమ్మలో చెబుతారు

కొన్నేళ్ళ క్రితం నేను వేరొక ఆసుపత్రిలో పనిచేస్తుండగా, చెయ్యి కాలిన ఎనిమిదేళ్ళ బాబును పుంగనూరు వైపు నుండి తీసుకొచ్చి చేర్చారు. డ్రెస్సింగ్ ట్రాలీ వస్తే చాలు, వార్డంతా వినబడేలా ఏడ్చేవాడు. "మగపిల్లాడివి, ఏడవకూడదు నాయనా" అని నేనే గద్దించాను. ప్రయోజనం లేకపోయింది.

ఒక మధ్యాహ్నం కాగితం, క్రేయాన్లు ఇచ్చి ఊరికే ప్రక్కన కూర్చున్నాను. ట్రాలీకి పెద్ద చక్రాలు వేశాడు. మూలన ఒక తలుపు వేశాడు. "ఈ బొమ్మ గురించి చెప్తావా?" అని అడిగాను.

"బండి సద్దు వస్తే అమ్మను బయటికి పంపించేస్తారు సిస్టరమ్మా" అన్నాడు.

నొప్పి కన్నా ఆ తలుపే వాడిని ఎక్కువ భయపెట్టింది. మరునాడు తల్లిని ప్రక్కనే ఉంచాము. ఏడ్చాడు, కాని చెయ్యి తానే చాపాడు.

భయం, కోపం, దిగులు పిల్లలకూ ఉంటాయి. చెప్పడానికి మాటలే చాలవు. బొమ్మ వేస్తే లోపలిది కాగితం మీదికి వస్తుంది, దానిని చూపిస్తూ మాట్లాడటం సులభమవుతుంది. 1942లో 'ఆర్ట్ థెరపీ' అనే పేరు పెట్టిన ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ కూడా క్షయ శానిటోరియంలో కోలుకుంటూ బొమ్మలు వేసి ఊరట పొందినవాడే. ఆరోగ్యవరం శానిటోరియం ఎరిగిన మదనపల్లె వారికి అటువంటి రోజులు ఎంత దీర్ఘమో తెలుసు.

తండ్రి పనికోసం రైలెక్కి బెంగళూరు వెళ్ళే కుప్పం ఇళ్ళలోనైనా, మరెక్కడైనా తల్లులు, అవ్వలు ఇలా చేయవచ్చు:

• పాత క్యాలెండరు వెనుక వైపు, సుద్దముక్క, బంకమట్టి, చపాతీ పిండి ఏదైనా చాలు. రోజుకు పది, పదిహేను నిమిషాలు ఇవ్వండి.
• "ఈ రోజు నీ మనసు ఏ రంగు?" అని అడగండి.
• కోపంగా ఉంటే మట్టి పిసకనివ్వండి, పాత పేపరు చింపనివ్వండి.
• బొమ్మను దిద్దవద్దు, నవ్వవద్దు, అక్క బొమ్మతో పోల్చవద్దు.

నల్లరంగు వాడినంత మాత్రాన జబ్బు అనుకోకండి. బొమ్మకు అర్థం బిడ్డనే చెప్పనివ్వండి.

అయితే కొన్ని వారాలుగా నిద్ర, తిండి తగ్గినా, మానిన పక్కతడపడం మళ్ళీ మొదలైనా, బడికి పోనని మొండికేసినా డాక్టరుకు చూపించండి. చచ్చిపోతానన్న మాట ఒక్కసారి విన్నా ఆలస్యం చేయవద్దు. మానసిక సహాయానికి టెలీ మానస్ 14416, పిల్లలకు ఆపద అయితే 1098 ఉచిత ఫోన్ నంబర్లు.

ఈ సాయంత్రం మీ బిడ్డకు ఒక కాగితం ఇవ్వండి. ప్రక్కన కూర్చోండి. తొందరపెట్టకుండా వినండి.