మౌంట్ కాని ఫోల్డరు: లినక్స్ సర్వర్లలో నెట్‌వర్క్ నిల్వ – ఒక పరిశీలన

పరిశోధన సమాచారాన్ని ఒక నిల్వ యంత్రంలో భద్రపరచి, దానిపై పనిచేసే ప్రోగ్రాములను వేరొక లినక్స్ సర్వరుపై నడపడం విద్యాసంస్థల్లో తరచుగా కనిపించే ఏర్పాటు. ఈ రెంటినీ కలిపే ప్రక్రియను ‘మౌంట్’ అంటారు. విండోస్‌లో దూరపు నిల్వను సాధారణంగా ఒక డ్రైవు అక్షరంతో గుర్తిస్తారు. లినక్స్‌లో ఫైళ్లన్నీ ఒకే వృక్షానికి చెందినవి కనుక, దూరపు నిల్వ ఆ వృక్షంలో ముందే ఉన్న ఒక ఫోల్డరును కప్పుకొని నిలుస్తుంది. ఆ ఫోల్డరే మౌంట్ పాయింట్. ఇందులోని సౌలభ్యం ఎంతటిదో ప్రమాదమూ అంతటిదే.

సర్వరు పునఃప్రారంభమయ్యే వేళకు నెట్‌వర్క్ సిద్ధంగా లేకపోతే మౌంట్ విఫలం కావచ్చు. ఫోల్డరు మాత్రం యథాస్థానంలో, ఖాళీగా ఉంటుంది. రాత్రివేళ నడిచే బ్యాకప్ ప్రోగ్రాము ఈ తేడాను గుర్తించదు. అది ఎప్పటివలెనే ఫైళ్లను రాస్తుంది. అవి సర్వరు సొంత డిస్కులో చేరతాయి. తరువాత మౌంట్ చేసినప్పుడు ఆ ఫైళ్లు చెరిగిపోవు, మరుగున పడతాయి. డిస్కు నిండినట్లు సర్వరు చూపుతుంది, వెదికితే కారణం దొరకదు. మూలంలో లేనివాటిని ప్రతిలోనూ తొలగించే విధంగా ఆర్‌సింక్‌ను అమర్చి ఉంటే నష్టం మరింత తీవ్రం: మూలం ఖాళీగా కనిపించడంతో, బ్యాకప్ ప్రతి తుడిచిపెట్టుకుపోతుంది.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ‘నెట్‌డెవ్’ ఐచ్ఛికాన్ని చేర్చితే నెట్‌వర్క్ వచ్చేవరకు మౌంట్ ఆగుతుంది. ‘నోఫెయిల్’ మౌంట్ కాకపోయినా సర్వరును లేవనిస్తుంది. నిర్వాహకులకు ఇష్టమైన ఈ ఐచ్ఛికమే పై ప్రమాదానికి దారి తీస్తుందన్నది గమనార్హం. నిజమైన రక్షణ వేరే ఉంది. మౌంట్ చేయకముందే ఆ ఖాళీ ఫోల్డరును ‘సీహెచ్‌అట్టర్’ ఆదేశంతో మార్పుకు లొంగనిదిగా చేయాలి. అప్పుడు మౌంట్ యథావిధిగా జరుగుతుంది. మౌంట్ లేనప్పుడు రూట్ వాడుకరి సైతం అందులో ఏమీ రాయలేడు. బ్యాకప్ స్క్రిప్టు మొదటి పంక్తిలోనే ‘మౌంట్‌పాయింట్’ ఆదేశంతో పరీక్షించుకోవడం దీనికి తోడు.

ఎన్‌ఎఫ్‌ఎస్‌లో హార్డ్, సాఫ్ట్ అనే భేదం కూడా ముఖ్యమే. హార్డ్ పద్ధతిలో నిల్వ యంత్రం తిరిగి పలికే వరకు ప్రోగ్రాము వేచి ఉంటుంది. సాఫ్ట్ పద్ధతిలో కొన్ని ప్రయత్నాల తరువాత దోషసూచన అందుతుంది. దాన్ని పట్టించుకోని ప్రోగ్రాము అసంపూర్ణ ఫైలును సంపూర్ణమని నమ్ముతుంది. రాత పనులకు హార్డ్ పద్ధతే తగినది.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టే పరిశోధకులకు మరొక పరిమితి ఎదురవుతుంది. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడి సంకేతాలే. ‘లక్ష్మి’ అనే రెండక్షరాల పేరు 21 బైట్లు తీసుకుంటుంది. విండోస్ నిల్వలో 255 సంకేతాల వరకు చెల్లే పేరు, మౌంట్ ద్వారా సర్వరు డిస్కుకు నకలు చేసేటప్పుడు 85 దాటితే తిరస్కరణకు గురవుతుంది. తాళపత్ర ప్రతుల చిత్రాలకు గ్రంథనామం, కర్త, పత్రసంఖ్య అన్నీ కలిపి పేరు పెట్టే అలవాటు ఉన్నచోట ఈ హద్దు త్వరగానే వస్తుంది.