తుది ఘడియలలో తోడు

శిశువు భూమి మీద పడే వేళ పక్కన అనుభవం గల మంత్రసాని ఉండాలని మన పూర్వులు ఎరుగుదురు. మరి ప్రాణం పోయే వేళ పక్కన ఎవరుండాలి? ఉమ్మడి కుటుంబాల కాలంలో ఈ ప్రశ్న తలెత్తలేదు. పెద్దదిక్కు మంచాన పడితే కూతుళ్ళు, కోడళ్ళు, ఇరుగుపొరుగువారు వంతులు వేసుకుని కూర్చునేవారు. తులసితీర్థం పోసే చేతులకు కొదవ ఉండేది కాదు. నేడు బిడ్డలు అల్ ఖౌద్‌లో, తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటున్నారు. ఆ ఖాళీ ఎలా పూడుతుంది?

పాశ్చాత్య దేశాలలో ఈ లోటును తీర్చడానికి పుట్టినదే 'డౌలా' సేవ. గ్రీకు భాషలో ఈ మాటకు సేవకురాలని అర్థం. మొదట ఇది ప్రసవ సమయంలో తల్లికి ధైర్యం చెప్పే స్త్రీకి పేరయింది. 2003లో న్యూయార్క్‌లోని ఒక హాస్పిస్‌లో పనిచేస్తున్న సామాజిక కార్యకర్త హెన్రీ ఫెర్స్కో-వైస్ అదే పద్ధతిని మరణశయ్య వద్దకు తీసుకువచ్చారు. దీనికి పునాది వేసినది 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పిన డాక్టర్ సిసిలీ సాండర్స్. రోగి బాధ ఒంటికి సంబంధించినది మాత్రమే కాదనీ, మనస్సు, కుటుంబం, విశ్వాసం అన్నీ అందులో కలిసి ఉంటాయనీ ఆమె బోధించారు.

డౌలా వైద్యుడు కాదు, నర్సు కాదు, మందులివ్వడు. రోగి మనసులోని కోరికలను విని కుటుంబానికి తెలియజెప్పడం, చివరి రోజులలో వంతులవారీగా పక్కన కూర్చోవడం, మరణానంతరం ఇంటివారి దుఃఖంలో పాలుపంచుకోవడం అతని పనులు. అన్నిటికన్నా ముఖ్యంగా, జరగబోయేది ఏమిటో ముందుగా వివరించి భయం పోగొడతాడు.

ఆ వివరణకు శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. దేహం తన వ్యాపారాలను ఒక్కొక్కటిగా ముగించుకునే దశలో ఆకలి తగ్గిపోతుంది. "నాలుగు మెతుకులైనా తినండి" అని బలవంతపెడితే ఆహారం శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం ఉన్నది. పెదవులను, నోటిని తడిపితే చాలు. శ్వాస కాసేపు వేగంగా సాగి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలవుతుంది. గొంతులో గురగుర చప్పుడు వినవస్తుంది. చూసేవారికి ఇది భయంకరమే గాని, అప్పటికి స్పృహ తగ్గిన రోగికి సాధారణంగా అంత బాధ తెలియదు. కాళ్ళు, చేతులు చల్లబడి చర్మంపై నీలిమచ్చలు తేలుతాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, స్పందించలేని స్థితిలో ఉన్న కొందరి మెదడు సైతం శబ్దాలను గ్రహిస్తున్నది. కనుక విమానం అందుకోలేని కుమారుడు ఫోనులో పలికే "నాన్నా" అన్న పిలుపు వ్యర్థమని అనుకోనక్కరలేదు.

మార్ఫిన్ పేరు వినగానే మనవారు జంకుతారు. నొప్పికి తగిన మోతాదులో, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ ఆయుష్షును తగ్గించదు. భారతదేశంలో 2014 నాటి చట్ట సవరణ ఈ ఔషధం రోగులకు అందే మార్గాన్ని సులభతరం చేసింది.

ఉపశమన చికిత్స అవసరమైనవారిలో ప్రపంచమంతటా సుమారు 14 శాతం మందికే అది లభిస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అయినా మన చుట్టూ దీపాలు లేకపోలేదు. అల్ ఖౌద్‌లోనే ఉన్న సుల్తాన్ ఖాబూస్ సమగ్ర క్యాన్సర్ కేంద్రంలో ఉపశమన చికిత్సా విభాగం ఉన్నది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఈ సేవను అందిస్తున్నది. 2011లో ఆరంభమైన స్పర్శ్ హాస్పిస్ రోగుల నుండి రుసుము తీసుకోదు. 1993లో కాలికట్ వైద్య కళాశాలలో మొదలైన చిన్న క్లినిక్ నుండి కేరళ అంతటా స్వచ్ఛంద సేవకుల వ్యవస్థ విస్తరించింది. డౌలా అన్న పేరు లేకపోయినా పొరుగువారే రోగి ఇంటికి వెళ్ళి ఆ పని చేస్తున్నారు.

ప్రవాసులమైన మనం ముందుగా ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. ఇక్కడే జబ్బుపడిన వ్యక్తి స్వదేశంలో కన్నుమూయాలని కోరుకుంటే, ప్రయాణానికి ఓపిక మిగిలి ఉండగానే నిర్ణయం జరగాలి. పరిస్థితి విషమించాక వైద్యుల ధ్రువపత్రం లేనిదే విమానసంస్థలు ఎక్కించుకోవు. ఇక స్వదేశంలో ఉన్న తల్లిదండ్రులు కృత్రిమ శ్వాసయంత్రం వద్దనుకుంటే ఆ కోరికను ముందే వ్రాసిపెట్టుకోవచ్చునని భారత సుప్రీంకోర్టు 2018లో తీర్పునిచ్చి, 2023లో ఆ విధానాన్ని సరళం చేసింది. ఆ పత్రం లేనప్పుడు అర్ధరాత్రి ఐ.సి.యు. ద్వారం వద్ద ఒంటరిగా నిలబడిన సోదరి నిర్ణయభారమంతా మోయవలసి వస్తుంది. దూరాన ఉన్న సోదరుడు ఆమెను తప్పుపట్టే ప్రమాదమూ లేకపోలేదు.

అశుభమని మనం ఈ మాటలను దాటవేస్తాము. కాని పెద్దలు చాలామంది తమ కోరిక చెప్పడానికి సిద్ధంగానే ఉంటారు, అడిగేవారి కొరకే ఎదురుచూస్తారు. ఈ వేసవి సెలవులలో ఊరు వెళ్ళినప్పుడు, వారు ఆరోగ్యంగా ఉండగానే, పక్కన కూర్చుని అడగండి: ఎక్కడ ఉండాలని ఉన్నది, ఎవరు దగ్గర ఉండాలి, ఏమి చేయించవద్దు? జవాబులను తోబుట్టువులందరికీ తెలియజేయండి. మన తల్లిదండ్రులకు మనం దూరం నుండి కూడా చేయగలిగిన సేవ ఇది.