తోక తెచ్చినా వరహాలే!
పెనుకొండ గుర్రాలకు గోవా రేవు పెట్టిన ధర

తోక చూపిస్తే చాలు, సొమ్ము ముట్టేది. విజయనగర రాజు సాళువ నరసింహరాయలకు గుర్రాలంటే ఎంత మోజో చెబుతూ పోర్చుగీసువాడు ఫెర్నావో న్యూనిజ్ రాసిన ముచ్చట ఇది. హొర్ముజ్, ఏడెన్‌ల నుంచి ఓడలో వస్తూ గుర్రం చస్తే వర్తకులు తోక తెచ్చేవారు. బతికిన గుర్రానికి ఎంతో దానికీ అంతే. న్యూనిజ్ స్వయంగా గుర్రాల బేరగాడు. ఈ సంగతి రాస్తుంటే ఎన్ని లొట్టలు వేశాడో!

పెనుకొండ గగన్‌మహల్ ముందు నిలబడి సముద్రం గురించి మాట్లాడితే నవ్వుతారు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంబరపడే సీమ ఇది. అయినా విజయనగర రాజుల ఈ కోట బతుకు చాలాకాలం ఒక రేవుతో ముడిపడి ఉంది. మేలుజాతి గుర్రాలు అప్పట్లో అరేబియా, పారశీకాల నుంచి రావాల్సిందే. అవి దిగే రేవు ఎవరి చేతిలో ఉంటే యుద్ధంలో పైచేయి వారిది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ రేవులనూ గుర్రాల వర్తకులనూ మరువకపోవడం అందుకే.

1510 నవంబరు 25న పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ బీజాపూరు సేనల నుంచి గోవాను గుంజుకున్నాడు. అతనికి దన్నుగా నిలిచినవాడు మన పక్కవాడే, హొన్నావరం వైపు నావికుడు తిమ్మయ్య. మాండవీ ఒడ్డున చర్చీలు లేచాయి. కానీ ఆ ఊరి పెట్టె నింపింది గుర్రం డెక్కలే. ఇరవై గుర్రాలు తెచ్చిన ఓడకు మిగతా సరుకు మీద సుంకం మాఫీ. గుర్రాలు లేకుండా వస్తే నూటికి ఎనిమిది కట్టాలి. గుర్రం ఊరు దాటి లోపలి సీమకు పోవాలంటే 42 వరహాలు. ఈ లెక్కలు వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాసిపెట్టినవి. 1547 ఒప్పందంతో గోవాలో దిగే గుర్రాలు బీజాపూరుకు కాకుండా విజయనగరానికే అమ్మాలని తేలింది.

గోవా నుంచి గుర్రాలే కాదు, ఒక మేస్త్రీ కూడా వచ్చాడు. హోస్పేట దగ్గర చెరువు కట్టడానికి రాయలు అడిగితే గోవా గవర్నరు జొవావ్ ద లా పోంతే అనే రాతిపనివాణ్ణి పంపాడు. పగలు కట్టింది రాత్రికి కూలిపోయేదట. చివరికి మరణశిక్ష పడిన ఖైదీల తలలు తెగ్గొట్టించారని న్యూనిజ్ రాశాడు. చెరువు నిలిచింది. ఆ నీటి కింద భూములకు తొలి తొమ్మిదేళ్లు పన్ను లేదట. మనం రోజూ పిలిచే ‘మేస్త్రీ’ కూడా పోర్చుగీసు ‘మెస్త్రే’యే. మాట ఆ మనిషితోనే వచ్చిందని అనను గానీ, ఆ రాతిపనివాడు గుర్తుకొచ్చినప్పుడల్లా మా ఊరి మేస్త్రీ కళ్లముందు మెదులుతాడు.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడింది. రాజధాని చివరికి పెనుకొండకు చేరింది. చేరే ముందు రాజ్యం పగ్గాలు పట్టిన తిరుమలరాయలు చేసిన పని మాత్రం గోవాలో చాలాకాలం చెప్పుకుని ఉంటారు. గుర్రాలు తెండి, మంచి ధర ఇస్తానని కబురు పెట్టాడు. పాత రాజుల ముద్ర ఉన్న గుర్రాలకు కూడా సొమ్మిస్తానన్నాడు. ఫ్రెడరిక్ దారిలో తోడు పోయినవారు అలా ఆశపడ్డ వర్తకులే. కావలసినన్ని గుర్రాలు చేతికి చిక్కాక కాసు కూడా ఇవ్వకుండా పంపేశాడు. చచ్చిన గుర్రం తోకకు వరహాలు పోసిన గద్దె, బతికిన గుర్రానికి మొండిచేయి చూపింది. ఓడిన రాజ్యం దివాలాకు ఇంతకన్నా లెక్క అక్కర్లేదు.

పెద్ద బేరగాడు చితికితే దుకాణం ఎంతకాలం? డచ్చివారి ఓడలు దారి కాశాయి, జ్వరాలు జనాన్ని ఊడ్చేశాయి, నదిలో పూడిక చేరింది. వైస్రాయ్ 1759లో పణజి వైపు మకాం మార్చాడు. 1843లో పణజే రాజధాని అయింది. పాత గోవాలో ఇప్పుడు చర్చీలున్నాయి, ఊరు లేదు. సెయింట్ అగస్టీన్ గోపురం సగం కూలి మొండిగా నిలబడి ఉంటుంది. గగన్‌మహల్ చూసిన కళ్లకు అది కొత్తేమీ అనిపించదు.

1580లలో గోవాలో ఉన్న డచ్చివాడు లిన్‌షోటెన్ ఒక వీధి చూపిస్తాడు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా నిలువు వీధిలో జనం మూగేవారు. అరబ్బీ గుర్రాలు, బట్టలు, బానిసలు, ఏదైనా సరే గట్టిగా ధర అరిచి అమ్మేవారు. దాని పేరు లైలావ్. మన నోట అదే వేలం, పల్లెల్లో యాలం.

అనంతపురం చీనీ మార్కెట్లో కాయల కుప్పల పక్కన తువ్వాలు భుజాన వేసుకున్న రైతు ఆ అరుపుల కోసమే చెవి రిక్కించుకుని కూర్చుంటాడు. ఆ తువ్వాలు మాట కూడా గోవా ఓడ దిగిందే. పాటదారు టన్ను ధర ఇంకో వంద పెంచాడు.