బయట కిట్ పెట్టిస్తే ఇంజిన్ వారంటీ పోతుందా?

గల్ఫ్‌లో ఉన్న అన్న పంపిన డబ్బు కొంత, బ్యాంకు లోన్ కొంత కలిపి ఒక కుటుంబం కొత్త పెట్రోల్ కారు కొన్నదనుకుందాం. ఆరు నెలలకే పెట్రోల్ ఖర్చు భారమై, తెలిసిన మెకానిక్ దగ్గర సీఎన్‌జీ కిట్ పెట్టించారు. ఏడాది తిరిగేసరికి పికప్ తగ్గి, ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణకడం మొదలైంది. షోరూమ్‌కి తీసుకెళ్తే ‘బయట కిట్ పెట్టించారు కదా, వారంటీ రాదు’ అన్నారు. ఈ మాట ఎప్పుడు సబబు, ఎప్పుడు సాకు?

వారంటీ అంటే తయారీలో జరిగిన లోపానికి కంపెనీ ఇచ్చే హామీ. కాబట్టి అసలు ప్రశ్న ఒక్కటే: చెడిపోయిన భాగానికీ, మీరు చేయించిన మార్పుకూ సంబంధం ఉందా?

సీఎన్‌జీ విషయంలో చాలాసార్లు ఉంటుంది. పెట్రోల్ తుంపరగా లోపలికి వెళ్తూ వాల్వులను కొంత చల్లబరుస్తుంది. సీఎన్‌జీ పొడి గ్యాస్, ఆ చల్లదనం ఇవ్వదు. ట్యూనింగ్ సరిగా లేకపోతే వేడి ఇంకా పెరిగి వాల్వ్ సీట్లు త్వరగా అరుగుతాయి, కంప్రెషన్ పడిపోతుంది. పైన చెప్పిన వణుకు దీనివల్లే రావచ్చు. అందుకే షోరూమ్ వాళ్లు అలా అన్నప్పుడు కొట్టిపారేయలేం. ఫ్యాక్టరీలోనే సీఎన్‌జీతో వచ్చిన కారుకు ఈ తంటా లేదు, దాని కిట్ కూడా కంపెనీ వారంటీలోనే ఉంటుంది. అదే బయట కిట్ పెట్టిన కారులో పవర్ విండో మోటారో, సస్పెన్షనో చెడితే దానికీ కిట్‌కూ ఏం సంబంధం? అక్కడ వారంటీ కాదంటే కారణం అడగాల్సిందే.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. ఆమోదం పొందిన కిట్ పెట్టించి, ఆర్టీఓలో ఆర్‌సీ మీద ఎక్కిస్తే అంతా సరిపోయిందనుకుంటారు. అది బండి రోడ్డు మీద తిరగడానికి చట్టం అడిగే కాగితం మాత్రమే, కంపెనీ వారంటీని అది కాపాడదు. ఇన్సూరెన్స్ కంపెనీకి విడిగా చెప్పాలి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పదు.

కుర్రాళ్లకు మోజున్న రీమ్యాప్ మరీ ప్రమాదం. ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చి టర్బో ప్రెషర్, డీజిల్ మోతాదు పెంచుతారు. టర్బో, పిస్టన్లు, క్లచ్ మీద భారం పడుతుంది. సర్వీసుకు ముందు పాత ప్రోగ్రామ్ ఎక్కించేస్తే ఎవరికీ తెలియదంటారు. చాలా కార్లలో ఎన్నిసార్లు మార్చారో కంప్యూటరే గుర్తుంచుకుంటుంది. సీటు కవర్లకు, ఫ్లోర్ మ్యాట్లకు ఇంజిన్‌తో పనిలేదు. ఎల్‌ఈడీ లైట్లు, పెద్ద హారన్ కోసం వైర్లు కోసి అతికిస్తే మాత్రం అసలు సంబంధం లేని సెన్సర్ ఫిర్యాదుకు కూడా ఆ అతుకునే చూపిస్తారు. కప్లర్‌తో బిగించేవే తీసుకోవడం మంచిది.

చాలా వారంటీ పుస్తకాల్లో ‘మార్పులు చేసిన వాహనానికి వర్తించదు’ అని టోకున రాసి ఉంటుంది. అందుకే ఏదైనా పెట్టించే ముందే ఆ పేజీ చదివి, డీలర్‌ని మెయిల్‌లో అడగండి. నోటిమాట రేపు పనికిరాదు. క్లెయిమ్ కాదన్నప్పుడు కూడా ఏ భాగం, ఏ కారణంతో చెడింది, మార్పు దానికి ఎలా కారణమైందో రాతపూర్వకంగా ఇవ్వమనండి. కిట్ పీకేసి తీసుకెళ్లడం తెలివైన పని కాదు. బిగించిన గుర్తులు పోవు, మీ మాట మీద నమ్మకం పోతుంది.

జవాబు సంతృప్తిగా లేకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కారుకు చెల్లించిన ధర 50 లక్షల్లోపు అయితే కేసు అక్కడే వేయాలి, వివాదం మొదలైన 2 ఏళ్లలోపు. లాయర్ తప్పనిసరి కాదు. లోపం ఎక్కడిదో తేల్చడానికి పరీక్ష అవసరమైతే కమిషన్ నిపుణుల నివేదిక తెప్పించగలదు. కాబట్టి విప్పిన పాత భాగాలను షోరూమ్‌లోనే వదిలేసి రాకండి.